టోపీలు మార్చిన కథ

మా లూరా పెద్దమ్మ ముప్పై ఎనిమిదేళ్ళు పిల్లల కథలు రాసింది. ఒక్క పుస్తకం మీద కూడా ఆమె పేరు ఉండదు. పేరు వేస్తే గర్వం వస్తుందని మాలో రాసినవాళ్ళ పేర్లు వేయరు. అందుచేత ఈ లోయలో ఆమె కథలు చదవకుండా పెరిగిన పిల్లలు లేరు, అవి ఎవరు రాశారో తెలిసిన పిల్లలూ లేరు. నాకు తెలుసు, ఎందుకంటే ఆ కథలకు అక్షరాలు కూర్చేది నేనే. ఇరవై రెండేళ్ళుగా ప్రెస్సులో నాదే ఆ పని. పెళ్ళి కాలేదు కాబట్టి సంఘంలో అందరి కళ్ళకూ నేను తీరిగ్గా ఉన్నట్టే కనిపిస్తాను.

మా ప్రెస్సు కోళ్ళ దాణా మిల్లు వెనక ఒక పొడవాటి షెడ్డు. అక్కడ అచ్చయిన పుస్తకాలు లోకానికి వేరుగా, నిరాడంబరంగా బతికే మాలాంటి మెన్నొనైట్ క్రైస్తవ సంఘాలు ఎక్కడుంటే అక్కడికి వెళతాయి. కథ ఎవరు రాసినా ముందు కమిటీకి వెళ్ళాలి. కమిటీలో ఐదుగురు బ్రదర్లు ఉంటారు, వాళ్ళ చేతుల్లో నీలం పెన్సిళ్ళు ఉంటాయి. రాయడానికి ఆడవాళ్ళు, కొట్టేయడానికి మగవాళ్ళు. ఇది నేను పైకి అనే మాట కాదు, ఇక్కడ రాస్తున్నాను అంతే.

ఒకసారి పెద్దమ్మ కథలో ఒక లోకస్థురాలు పాట పాడుకుంటూ గిన్నెలు తోమింది. మా సంఘంలో చేరని వాళ్ళందర్నీ మేం లోకస్థులనే అంటాం, వాళ్ళు ఎంత మంచివాళ్ళయినా సరే. ఆ వాక్యం పక్కన నీలం పెన్సిలుతో రాసి వచ్చింది: “ఈమెకు అంత సంతోషం ఎందుకు?” పెద్దమ్మ ఆ కాగితం పట్టుకుని పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. తరవాత పాట కొట్టేసి, అక్కడ మాలో ఎవరింట్లోనూ ఉండని రేడియో పెట్టింది.

“ఒక గిన్నె కూడా పగలగొడతానే రోడా. అప్పుడు గానీ వాళ్ళకి తృప్తిగా ఉండదు” అంది.

కొన్నాళ్ళకి కమిటీ ఆమెకు ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. ఆమెకే చేయి తిరిగింది. మా బొమ్మల్లో కిటికీ తెర వంకరగా ఉంటే అది లోకస్థుల ఇల్లని మూడేళ్ళ పిల్లకైనా తెలుస్తుంది. అరిస్తే లోకస్థుడు. ఉదయం పది దాటినా మంచం మీద ఉంటే లోకస్థుడు. మా బడిలో భోజనం గంట కొట్టాక పిల్లలు లోకస్థుల ఆట ఆడేవాళ్ళు. సుద్దముక్క నోట్లో పెట్టుకుని సిగరెట్టు తాగడం, పెళ్ళాన్ని కసరడం, అదీ ఆట. నేనూ ఆడాను. గొంతు పెద్దదని తండ్రి వేషం ఎప్పుడూ నాకే ఇచ్చేవాళ్ళు.

నిజానికి మాలో చాలామందికి దగ్గర్నుంచి తెలిసిన లోకస్థుడు క్లీట్ మోరిస్ ఒక్కడే. మా రోడ్డు పెద్ద రోడ్డులో కలిసే చోట అతని రిపేరు షెడ్డు ఉండేది. మా ట్రక్కులూ ట్రాక్టర్లూ అన్నీ అతనే బాగుచేసేవాడు. తాగుతాడు. చర్చికి వెళ్ళడు. టీవీ ఉంది. పిల్లలం ఆ షెడ్డు ముందునుంచి వెళ్ళాల్సి వస్తే రోడ్డు దాటి అవతలి పక్కన నడిచేవాళ్ళం, ఎందుకంటే పుస్తకంలో ఉన్న తాగుబోతు అతనేనని మాకందరికీ తెలుసు.

ఆ కథ తెలియనివాళ్ళు మాలో లేరు. ఒక తాగుబోతు తన కొడుకుని వెంటబెట్టుకుని పొలం సామాన్ల వేలానికి వస్తాడు. సీసా పట్టుకుని కార్లో నిద్రపోతాడు. పిల్లవాడు గడ్డకట్టిన చెరువు మీదికి నడిచి వెళ్ళి మంచు విరిగి పడిపోతాడు. నల్లటోపీ పెట్టుకున్న మన బ్రదర్ ఒకాయన నీళ్ళలో దూకి కాపాడతాడు. కథ పైన ఒక వరుస ఉంటుంది: “నిజంగా జరిగిన సంగతి.” మా బడిలో ఐదో తరగతి పిల్లలు ఆ తాగుబోతు కొడుకు కోసం ప్రతి జనవరిలోనూ ప్రార్థన చేసేవాళ్ళు. మా తరం చేసింది, మా తరవాతి వాళ్ళూ చేశారు.

క్లీట్ మోరిస్‌కి కొడుకులే లేరు. ఒక్కతే కూతురు, ఆమె కూడా ఆ వేలం జరిగిన నాలుగేళ్ళకి పుట్టింది. ఇది నాకు మొన్న ఫిబ్రవరిలో తెలిసింది, ముప్పై తొమ్మిదేళ్ళ వయసులో.

ఫిబ్రవరిలో ఆ పుస్తకం ఆరోసారి అచ్చుకి వచ్చింది. పెద్దమ్మకి అరవై ఏడు. కళ్ళు సరిగా ఆనవు, అయినా ప్రూఫులు తనే చూస్తుంది. వాక్యం కింద స్కేలు పెట్టుకుని, ఒక్కో వరుసా కిందికి జరుపుతూ చదువుతుంది. ఆ రోజు చెరువు కథ దగ్గర స్కేలు ఆగిపోయింది. నేను కాఫీ తెచ్చేసరికి అక్కడే ఉంది. కాఫీ చల్లారాక కూడా అక్కడే ఉంది.

“పెద్దమ్మా, తప్పేమైనా దొరికిందా?” అన్నాను.

“దొరికిందే. ముప్పై ఆరేళ్ళ నాటి తప్పు.”

అప్పుడు చెప్పింది. ఆ వేలానికి పిల్లవాణ్ణి తీసుకెళ్ళింది మా ఎమరీ పెదనాన్న. పిల్లవాడు వాళ్ళబ్బాయి, మా గేలన్ అన్నయ్య, అప్పటికి రెండున్నరేళ్ళు.

“నేను అక్కడ వంటల దగ్గర ఉన్నాను. పిల్లాణ్ణి చూస్తానన్నాడు మీ పెదనాన్న. ఓ నాగలి మీద మనసు పడింది ఆయనకి. పాట పెరుగుతోంది, ఆయన చేయి ఎత్తుతున్నాడు. పిల్లాడు చేయి వదిలించుకుని పోయిన సంగతి కూడా తెలీలేదు.”

“మరి దూకింది?”

“క్లీట్. కోటు కూడా విప్పలేదు. మంచు పలకలు మోచేతుల్తో పగలగొట్టుకుంటూ వెళ్ళాడు. రెండు చేతులూ నెత్తురు.”

“తాగి ఉన్నాడా?”

“తాగే ఉన్నాడు. అబద్ధం ఎందుకాడాలి? తాగి ఉన్నాడు గనకే దిగాడేమో. తాగనివాళ్ళు మనవాళ్ళు నలభై మంది గట్టు మీద నిలబడి తాడు కోసం వెతుకుతున్నారు.”

క్లీట్‌కి ఊపిరితిత్తులకి జబ్బు చేసి నెలరోజులు షెడ్డు మూతపడింది. పెదనాన్న వెళ్ళి పంది తొడ మాంసం ఒకటి ఇచ్చి వచ్చాడు. రెండేళ్ళ తరవాత పెద్దమ్మ అదంతా జరిగింది జరిగినట్టు, పేర్లు మాత్రం మార్చి కథగా రాసింది. కమిటీ ఆమెను పిలవలేదు, పెదనాన్నను పిలిచింది. కథ బాగుందన్నారట. టోపీలు మాత్రం మార్చమన్నారట. బొమ్మలో నల్లటోపీ దూకినవాడికి పెట్టాలి, లోకస్థుల టోపీ పిల్లవాణ్ణి వదిలేసినవాడికి పెట్టాలి. లేకపోతే పిల్లలు అడుగుతారు కదా, లోకస్థుడు అంత మంచివాడైతే మనం వేరుగా ఉండడం దేనికని. ఆ వసంతంలోనే సంఘంలో పరిచారకుడి పదవికి ఎన్నిక ఉంది. పాటల పుస్తకాల్లో ఒకదాన్లో చీటీ పెట్టి, చీటీ ఎవరి పుస్తకంలో వస్తే వాళ్ళని ఎన్నుకుంటారు మాలో. ఆ వరసలో కూర్చునేవాళ్ళలో పెదనాన్న కూడా ఉన్నాడు. అలాంటి మనిషి పిల్లవాణ్ణి గాలికి వదిలేసి నాగలి కోసం వేలం పాడాడని పుస్తకంలోకి ఎక్కితే బాగుండదు.

“పెదనాన్న ఏమన్నాడు?”

“మార్చమన్నాడు. మార్చాను. ఒక మధ్యాహ్నం పట్టింది, అంతే.”

“వాళ్ళు చేయించారు పెద్దమ్మా. నీ తప్పేముంది?”

పెద్దమ్మ స్కేలుని ఆఖరి వరుస కిందికి జరిపింది. “ఇది చదువు” అంది. చదివాను. “తాగుబోతు ఆ బ్రదర్‌కి కృతజ్ఞత చెప్పలేదు. కొడుకు బట్టలింకా ఆరకముందే మళ్ళీ సీసా దగ్గరికి వెళ్ళిపోయాడు.”

“ఇది ఎవరూ అడగలేదు. కథకి ముగింపు కుదరట్లేదని నేనే రాశాను. రాశాక చాలా బాగా వచ్చిందనుకున్నాను, రోడా. సంతోషపడ్డాను కూడా.”

నాకు ఆమె మీద కోపం వచ్చింది. తరవాత జాలి వేసింది. ఆ తరవాత నా మీద నాకే కోపం వచ్చింది, ఎందుకంటే ఆ ఆఖరి వాక్యాన్ని చిన్నప్పుడు నేను కంఠతా పట్టి బడిలో నిలబడి చదివి బహుమతి తెచ్చుకున్నాను.

మర్నాడు పెద్దమ్మ నాలుగు కాగితాలు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. అసలు కథ, ఆమె చేతిరాతలో. నల్లటోపీ మనిషి వేలం పాడుతుంటాడు, తాగిన మనిషి నీళ్ళలో దూకుతాడు.

“క్లీట్ ఎక్కువ రోజులు బతకడంటున్నారు. ఆయన ఉండగానే ఇది అచ్చులో రావాలి. నువ్వు పెట్టెయ్” అంది.

నేను పెట్టలేను. కమిటీ సంతకం లేనిదే కామా కూడా మార్చలేను. పైగా ఇప్పుడు కమిటీకి పెద్ద ఎవరో కాదు, గేలన్ అన్నయ్యే. ప్రసంగీకుడు, నలభై దాటింది, ఏడుగురు పిల్లలు. నీళ్ళలో పడింది తనేనని అతనికి తెలియదు. గట్టు మీద ఉన్న పెద్దవాళ్ళెవరూ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు, పెదనాన్న చెప్పనివ్వలేదు, ఆయన పోయాక పెద్దమ్మకి నోరు రాలేదు. అతనికి చెప్పనని నా చేత కూడా మాట తీసుకుంది.

కాగితాలు తీసుకుని అతని గదికి వెళ్ళాను. రెండుసార్లు చదివాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

“అమ్మకి వయసైపోయింది రోడా.”

“అసలు జరిగింది ఇదేనంటోంది అన్నయ్యా.”

“అయ్యుండొచ్చు. అయినా ఆ బ్రదర్ ఎవరో, ఆయన పిల్లలు మనలోనే ఉంటారుగా? మా నాన్న ఇంత నిర్లక్ష్యంగా ఉన్నాడా అని వాళ్ళు ఇప్పుడు చదవాలా? వాళ్ళ మనసు ఏమవుతుంది, చెప్పు?”

నాకు నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి. “అది వాళ్ళు చూసుకుంటార్లే” అన్నాను. అతను నాలుగు కాగితాల మీదా నీలం పెన్సిలుతో అడ్డంగా ఒక్కో గీత గీసి తిరిగిచ్చాడు. గట్టిగా కూడా గీయలేదు పాపం, మెత్తటి మనిషి.

పెద్దమ్మ ఆ గీతలు వేలితో తడిమి చూసింది. కాగితాలు మడిచి చేతిసంచీలో పెట్టుకుంది. నేను ఇక అంతటితో అయిపోయిందనే అనుకున్నాను.

మార్చిలో ప్రభువు బల్లకి రెండు వారాల ముందు సమాధాన కూడిక వచ్చింది. సమాధానమంటే మాలో జవాబు కాదు, ఎవరితోనూ మనస్పర్థ లేకపోవడం. ఏడాదికి రెండుసార్లు రొట్టె, ద్రాక్షరసం తీసుకునేముందు ఆ కూడిక పెడతారు మాలో. బిషప్పూ ప్రసంగీకులూ వరసల మధ్య నడుస్తారు, ఒక్కొక్కరే లేచి ఒకే మాట చెప్పాలి: దేవుడితోనూ మనుషులతోనూ సమాధానంగా ఉన్నాను, బల్లలో పాలు పొందాలని కోరుతున్నాను. ఒక్కరికి సమాధానం లేకపోయినా బల్ల అందరికీ ఆగిపోతుంది. అందుకే ఆ రోజు ఎవరూ గొడవ పెట్టుకోరు. పక్కింటి ఆవు తోటంతా మేసిపోయినా ఆ పూట మాత్రం సమాధానమే.

ఆడవాళ్ళ వైపు మూడో వరసలో పెద్దమ్మ పక్కన నేనున్నాను. బిషప్ లాయల్ వెంగర్ మా దగ్గరికొచ్చి ఆగాడు. పెద్దమ్మ లేచింది. తలముసుగు సరిచేసుకుంది.

“దేవుడి సంగతి నాకు తెలీదు బ్రదర్ లాయల్. మనుషుల్లో క్లీట్ మోరిస్‌తో నాకు సమాధానం లేదు.”

బిషప్‌కి అర్థం కాలేదు. “ఎవరు? రిపేరు షెడ్డు ఆయనా?”

“ఆయనే. ఆయన మీద నేను అబద్ధం రాశాను.”

“సిస్టర్ లూరా, ఆయన మన సభ్యుడు కాదుగా. మనం అడిగేది మన మధ్య సమాధానం గురించి.”

“మీరు మనుషులతో అని అడిగారు. ఆయన మనిషి కాదా?”

ఎవరో దగ్గారు. మగవాళ్ళ వైపు గేలన్ అన్నయ్య తల వంచుకుని కూర్చున్నాడు, చెవులు ఎర్రగా ఉన్నాయి. ఏం అబద్ధమో చెప్పమని బిషప్ మెల్లగా అడిగాడు. ఆయనకి చెప్పకముందు మీకు చెప్పనంది పెద్దమ్మ, కూర్చుంది. నిలబడడానికి ఓపిక లేక కూర్చుంది, అంతకంటే ఏం కాదు. బల్ల వాయిదా పడింది.

తరవాతి పది రోజులూ ఆమెను ఎవరూ కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. సిస్టర్లు ఒక్కొక్కరే వచ్చారు, ఒకరు నూడుల్సు వండి తెచ్చారు, ఒకరు ఆపిల్ పై, ఒకరు ఊరబెట్టిన బీట్‌రూట్లు. అన్నీ బల్ల మీద పెట్టి, నీ కోసం ప్రార్థన చేస్తున్నాం లూరా, అనేవారు. వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగి, వచ్చే ఆదివారానికి నీ మనసు కుదుటపడుతుందంటావా, అనేవారు. వంద మంది మంచితనం మోయడం చాలా కష్టం.

“తిను పెద్దమ్మా” అంటే, “ఇది తింటే ఒప్పుకున్నట్టవుతుందే” అని గిన్నె పక్కకి నెట్టింది ఒకరోజు. నవ్వుతూనే అంది, కానీ ఆ వారంలో బాగా చిక్కిపోయింది.

చివరికి గేలన్ అన్నయ్యే వచ్చాడు. “అమ్మా, పద. ఆయన దగ్గరికి వెళదాం. చెప్పాల్సింది చెప్పేసెయ్. క్షమాపణ అడుగు. అయిపోతుంది.” అతనికి అది పన్ను పీకించుకోవడం లాంటి పని. రోడా కూడా రావాలంది పెద్దమ్మ. ముగ్గురం మధ్యాహ్నం భోజనాలయ్యాక బయల్దేరాం.

క్లీట్ వంటింట్లో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ముక్కుకి ఆక్సిజన్ గొట్టం, ఎదురుగా టీవీలో కార్ల పందెం. నేను ముందు చూసింది కిటికీ తెరలు. ఇస్త్రీ చేసి, తిన్నగా ఉన్నాయి. చూసినందుకు నాకు సిగ్గేసింది. గేలన్ అన్నయ్యను చూడగానే ముసలాయన మొహం విప్పారింది.

“ఏంది బాబూ, మార్చిలో వచ్చావు? కిస్మస్ ఇంకా శానా దూరం ఉందిగా!”

గేలన్ అన్నయ్య ప్రతి డిసెంబరులోనూ సంఘం పిల్లల్ని వెంటబెట్టుకుని ఆ గుమ్మంలో పాటలు పాడించి, తాగుడు మానమని చెప్పే కరపత్రం ఒకటి ఇచ్చి వస్తాడు. ఇరవై ఏళ్ళ నుంచీ ఒక్కసారి కూడా మానలేదు. మా లోయలో రక్షణకి దూరంగా ఉన్నవాళ్ళ జాబితాలో క్లీట్ పేరే మొదటిది.

“క్లీట్ గారూ, మీకొక సంగతి చెప్పాలని వచ్చాను” అంది పెద్దమ్మ.

“ముందు కూచోమ్మా. కాఫీ ఉంది, ఆ పిల్లని పోసుకోమను. మీ అబ్బాయి గురించి నేను మా అమ్మాయి డార్లాకి ఎప్పుడూ చెప్తా ఉంటా. ఇట్టాంటోడు ఈ రోజుల్లో ఉండడు. ఎవరినన్నా నీళ్ళలోంచి తీశావనుకో, ఏడాది గుర్తుంచుకుంటారు, రెండేళ్ళు గుర్తుంచుకుంటారు. ఈయన ఇరవై ఏళ్ళ బట్టీ వస్తానే ఉన్నాడు. పిల్లల్ని కూడా తెస్తాడు. నా కోసం పాటలు పాడిస్తాడు.”

గేలన్ అన్నయ్య ఇంకా నవ్వుతూనే ఉన్నాడు, మర్యాద నవ్వు. “నీళ్ళలోంచా?” అన్నాడు.

“నీకేం తెలుసుద్దిలే, పసోడివి. ఒక బూటు చెరువులో పోయింది. చలికి ఏడవలా నువ్వు, ఆ బూటు కోసం ఏడ్చావు. ఇంత గొంతేసుకుని!”

గేలన్ అన్నయ్య తల్లి వైపు తిరిగాడు. “ఎవరి బూటమ్మా?”

“నీదే నాన్నా” అంది పెద్దమ్మ.

అతను కూర్చోలేదు. కుర్చీ వెనక చేయి వేసి నిలబడ్డాడు. పెద్దమ్మ అతని వైపు చూడకుండా సంచీలోంచి పుస్తకం తీసి, క్లీట్‌కి మొదటినుంచీ చెప్పింది. కమిటీ సంగతి, టోపీల సంగతి, ఎమరీ సంగతి. ఆయన చదవమన్నాడు. ఆమె మోకాళ్ళ మీద పుస్తకం పెట్టుకుని, స్కేలు లేదు కాబట్టి వేలు పెట్టుకుని, కథంతా చదివింది. ఆఖరి వాక్యం దగ్గర ఆగింది. మళ్ళీ మొదలుపెట్టి పూర్తిగా చదివింది. టీవీలో కార్లు తిరుగుతూనే ఉన్నాయి.

“వాళ్ళు మార్చమన్నారు, మార్చావు. నువ్వేం చేస్తావులే” అన్నాడు క్లీట్.

“ఈ చివరి మాట వాళ్ళది కాదు. నాదే.”

“అదే బాగుందమ్మా అన్నిట్లోకీ. రాయటం వచ్చు నీకు.”

అందులో వెటకారం లేదు. ఉంటే ఆమె తట్టుకునేది.

ఆయన ముక్కు దగ్గర గొట్టం సరిచేసుకున్నాడు. తరవాత బల్ల సొరుగు లాగాడు. లోపల కరపత్రాలు, ఇరవై దాకా ఉంటాయి, ఒక్కటి కూడా మడత విప్పినట్టు లేదు. “ఇయ్యి నేను చదవలా. మీవాళ్ళ పద్ధతిలో థాంక్స్ చెప్పటం ఇట్టా ఉంటదేమో అనుకున్నా. అందుకని దాచుకున్నా.” ఒకటి తీసి కళ్ళకి దగ్గరగా పెట్టుకుని పైన పెద్ద అక్షరాలు చదివాడు. తాగుబోతుల గతి ఏమవుతుందో ఉంది దాని మీద. దాన్ని మళ్ళీ సొరుగులోనే పెట్టాడు. “అయితే ఈయన వచ్చింది నా కోసం కాదన్నమాట.”

 పెద్దమ్మ లేచి ఆయన కుర్చీ పక్కకి వెళ్ళింది. క్షమించమని అడిగింది. మాలో అడిగే పద్ధతిలో, తప్పు పేరు పెట్టి మరీ అడిగింది.

“క్షమించాన్లేమ్మా” అన్నాడు. “ఆ మాట కావాలిగా మీ చర్చిలో చెప్పుకోటానికి. తీసుకుపో.”

నేను ఆమెను పట్టుకుని కారు దాకా నడిపించాను. గేలన్ అన్నయ్య మాతో రాలేదు. లోపల ఐదు నిమిషాలున్నాడు. వచ్చి కారు స్టార్ట్ చేశాడు. ఇంటి దగ్గర తల్లిని దింపుతూ, “నాన్నకి నాగలి దొరికిందా?” అని మాత్రం అడిగాడు.

“దొరకలేదు. ఇంకెవరో ఎక్కువ పాడారు” అంది పెద్దమ్మ.

ఆ వారమే కమిటీ కూర్చుంది. గేలన్ అన్నయ్య వెళ్ళలేదు, తక్కిన నలుగురూ నిర్ణయించారు. ఎవరి మనసూ నొప్పించకుండా ఆ కథనే తీసేద్దామన్నారు. పాతదీ వద్దు, కొత్తదీ వద్దు. నా చేతులతోనే ఆ నాలుగు పేజీలూ తీసేసి, తరవాతి కథని ముందుకి జరిపాను. తేనెటీగల గురించిన కథ అది. ఇప్పుడు మా పుస్తకంలో క్లీట్ తాగుబోతూ కాడు, కాపాడినవాడూ కాడు. అసలు లేడు. పెద్దమ్మకి చెబితే, “మనవాళ్ళు తప్పు దిద్దుకోరే. తుడిచేస్తారు” అంది, వెళ్ళి పడుకుంది. పట్టపగలు మంచం ఎక్కడం ఆమె జీవితంలో నేను చూడలేదు.

ఆదివారం మధ్యాహ్నం మళ్ళీ సమాధాన కూడిక. బిషప్ మొహం తేలిగ్గా ఉంది. సిస్టర్ లూరా ఆ పొరుగాయన్ని కలిసిందనీ, ఆయన క్షమించాడనీ, ఆ కథ కూడా పుస్తకంలోంచి తీసేశారనీ, ఇక అడ్డేమీ లేదనీ చెప్పాడు. పద్ధతి ప్రకారం ముందు ప్రసంగీకులు చెప్పాలి. గేలన్ అన్నయ్య లేచాడు. కాలర్ లేని నల్లకోటు, పైదాకా బొత్తాలు పెట్టుకున్నాడు.

“నాకు సమాధానం లేదు” అన్నాడు.

బిషప్ అతని భుజం మీద చేయి వేశాడు. “బ్రదర్ గేలన్, ఆయన క్షమించాడు కదా.”

“అమ్మని క్షమించాడు.” అతని గొంతు మా ఆడవాళ్ళ వైపు దాకా సరిగా వినిపించలేదు, అందరం ముందుకి వంగాం. “నన్ను ఇంకెప్పుడూ రావద్దన్నాడు.”

నా పక్కన పెద్దమ్మ నా చేయి పట్టుకుంది, వేళ్ళు నొప్పి పుట్టేంత గట్టిగా. బిషప్ పుస్తకం మూసేశాడు. ఆ వసంతంలో మా సంఘానికి బల్ల లేదు.